సర్కారు కొలువులో సామాన్యుడు

గొడుగులు బాగుచేసుకునే మనిషిని పట్టుకొచ్చి సర్కారువారు సామాన్యుడి ఉద్యోగంలో కూర్చోబెట్టారంటే నమ్మనివాళ్లు చాలామంది ఉన్నారు. నమ్మకపోతే పోనివ్వండి. ఆ ఉద్యోగానికి ఒక గది ఉండేది, గదికి ఒక ఫ్యాను ఉండేది, తలుపుకి ఇత్తడి పలక ఉండేది. పలక మీద ‘సామాన్యుడు’ అని పెద్ద అక్షరాలు, కింద ‘అనుమతి లేనిదే లోపలికి రాకూడదు’ అని చిన్న అక్షరాలు. సామాన్యుణ్ణి చూడాలంటే సామాన్యులు చీటీ పంపించి బయట బల్ల మీద కూర్చోవలసి వచ్చేది.

ఈ కొలువు పుట్టిన వైనం చెప్పుకోవాలి. అప్పటికి ఆ ఊళ్లో ఫోను లేనిదే పూట గడవడం లేదు. కూలిపని దొరకాలన్నా ఫోనులోనే, డాక్టరు దొరకాలన్నా ఫోనులోనే. ఏ యాప్ తెరిచినా ముందు షరతుల పురాణం ఒకటి ప్రత్యక్షమయ్యేది. దాన్ని చదివిన నరమానవుడు లేడు. అడుగున ‘ఒప్పుకుంటున్నాను’ అనే బటన్ ఉంటుంది, అది నొక్కితే గానీ పని జరగదు, కనుక అందరూ కళ్లు మూసుకుని నొక్కేవారు. ఆ ఒక్క నొక్కుడుతో కంపెనీలవాళ్లకు ఇంటి తాళాలు దొరికినట్టయ్యేది. ఎవరు ఏ వేళకు పడుకుంటారు, ఎవరు ఏ కొట్టు ముందు నిలబడి గుటకలు మింగి వెళ్లిపోతారు, ఏ మొగుడూ పెళ్లాలు మాటలు మానేశారు, అన్నీ మూటగట్టి అడిగినవాడికల్లా అమ్ముకునేవారు. జనం గోల పెట్టారు. జనం గోల పెడితే సర్కారు ఏం చేస్తుంది? ఒక కమిషన్ వేసింది.

ఆ డిజిటల్ వ్యవహారాల కమిషన్‌కి చైర్మన్‌గా దొరికిన పెద్దమనిషి తన ఫోను తాను తెరుచుకోలేడు. పాస్‌వర్డ్ ఆయన గుమాస్తాకే తెలుసు. ఆయన పక్కన పెద్ద చదువులు చదివొచ్చిన సభ్యురాలు ఒకావిడ. ఏం అడిగినా ‘దీనికి రెండు వైపులున్నాయి’ అనేది. ఆ రెండు వైపులూ ఏమిటో మాత్రం చెప్పిన పాపాన పోలేదు. కంపెనీల ముక్కుకి తాడు వేద్దామంటే అవి మూటాముల్లే సర్దుకుని ఇంకో దేశం పోతాయని భయం. వదిలేద్దామంటే జనం తిడతారని భయం. పోనీ ఒక కంపెనీకి నోటీసు ఇద్దామని దాని ఆఫీసు ఎక్కడని అడిగితే, ‘మా కంపెనీ ఫలానా చోట ఉందని చెప్పడం కుదరదండీ, అది అంతటా ఉంటుంది’ అని జవాబొచ్చింది. అంతటా ఉండేవాడికి నోటీసు ఏ గోడ మీద అంటించాలో కమిషన్‌కి పాలుపోలేదు.

చివరికి టీలు తాగి తాగి విసుగెత్తి ఒక నిబంధన రాశారు. ఏ కంపెనీ అయినా తన షరతులను సామాన్యుడికి అర్థమయ్యేలా రాయాలి. రాసి, చప్పట్లు కొట్టుకున్నారు. ఆ చప్పట్లు ఆగాక గుమాస్తా మెల్లిగా అడిగాడు.

“అర్థమైందో లేదో ఎవరు చెబుతారు సార్?”

“ఇంకెవరయ్యా? సామాన్యుడే చెబుతాడు.”

“ఊళ్లో అందరినీ అడగాలంటే...”

“అందరినీ ఎందుకయ్యా అడగడం? అడిగితే అందరూ ఏదో ఒకటి చెబుతారు. ఒకణ్ణి చూసి వేసెయ్.”

అలా వెలిసింది సామాన్యుడి పోస్టు. అర్హతలు: మధ్యరకం చదువు, ఏ విషయంలోనూ ప్రత్యేక జ్ఞానం లేకపోవడం. ఇంటర్వ్యూకి వచ్చినవాళ్ల వరస వీధి మలుపు దాటి పక్క వీధిలోకి పాకింది. పెద్ద డిగ్రీలవాళ్లు డిగ్రీలు దాచుకుని వచ్చారు. ఒకడు తాను సామాన్యుడినని మంత్రిగారి చేత ఉత్తరం రాయించుకొచ్చాడు. ఇంకొకడు నిజంగా సామాన్యుడిలా కనబడాలని ఎదురింటివాడి చొక్కా అరువు తెచ్చుకున్నాడు, ఆ ఎదురింటివాడు కూడా ఇంటర్వ్యూకి వచ్చి అక్కడే పీక పట్టుకున్నాడు. గొడుగుల మనిషి వంతు వచ్చేసరికి చైర్మన్‌గారికి ఆవలింతలు ముంచుకొస్తున్నాయి.

“డేటా అంటే ఏమిటయ్యా?”

“ఏదో ఒకటి లెండి. మీకు తెలియందేముంది?”

చైర్మన్‌గారి మొహం వెలిగిపోయింది. “ఇతనేనమ్మా మనకి కావాల్సినవాడు” అన్నాడు సభ్యురాలితో. ఆవిడ దీనికి రెండు వైపులున్నాయంది. ఆర్డరు చేతిలో పెట్టేశారు.

ఆ రోజు నుంచి వీధిలో అతని పేరే సామాన్యుడైపోయింది. ఇంటి దగ్గర మాత్రం అంత గౌరవం దొరకలేదు. అతని భార్య బిస్కెట్ ఫ్యాక్టరీ ఆడవాళ్లను షిఫ్టులకు చేరవేసే వ్యాను నడిపేది. భుజాలు గట్టి, గొంతు అంతకన్నా గట్టి. ఇంట్లో అత్తగారు కూడా ఉండేది, భార్యకి కన్నతల్లి. ముసలావిడ పిండిమరలో పనిచేసి పనిచేసి దగ్గు ఒకటి సంపాదించుకుంది. ఆ దగ్గు ఇంట్లో ఒక మనిషిలా మెలిగేది. ఉదయం అందరికన్నా ముందు లేచేది, అందరూ పడుకున్నాక పడుకునేది.

“ఏం చేస్తారు మీరక్కడ రోజంతా?” అని భార్య అడిగింది కొత్తలో.

“చదువుతాను. అర్థమైతే ‘అర్థమైంది’ అని ముద్ర వేస్తాను. కాకపోతే ‘అర్థం కాలేదు’ అని ముద్ర వేస్తాను.”

“దానికి ఫ్యాను కూడానా!” అందావిడ.

కొత్తలో అతను నిజాయితీగానే ఉన్నాడు, ఇంకోలా ఉండడం తెలియదు గనుక. వచ్చిన ప్రతి షరతుల కట్టా చదివాడు, తల గోక్కున్నాడు, ‘అర్థం కాలేదు’ అని గుద్దాడు. ఆ ముద్ర పడితే యాప్ ఊళ్లో నడవడానికి వీల్లేదు. వరసబెట్టి గుద్దేసరికి కంపెనీల కాళ్ల కింద నేల కదిలింది. అప్పుడు వాళ్లు చేయాల్సిన పని ఒకటే, నాలుగు ముక్కలు సూటిగా రాయడం. ‘నువ్వు మాట్లాడేది వింటాం, విన్నది అమ్ముకుంటాం’ అంటే సరిపోయేది, గొడుగులవాడికే కాదు, గొడుగుకి కూడా అర్థమయ్యేది. కానీ అలా రాస్తే బటన్ ఎవడు నొక్కుతాడు? అందుకని కంపెనీలన్నీ కలిసి ఒక వకీలును పంపించాయి. ఆయన మాట్లాడుతుంటే గదిలో చీమలు బారులు తీరేవి, అంత తీపి. కమిషన్‌లో అందరూ ఆయన్ని వెన్న వకీలు అనేవారు.

“లోపం షరతుల్లో లేదండీ” అన్నాడు వెన్న వకీలు చైర్మన్‌గారితో. “సామాన్యుడిలో ఉంది. ఆయనకి కాస్త తర్ఫీదు ఇప్పిస్తే సరిపోతుంది. ఖర్చు మాది.”

ఖర్చు మాది అన్న మాట చైర్మన్‌గారి చెవికి సంగీతంలా తోచింది. షరతులు మార్చడం మానేసి, వాటిని చదివే మనిషిని మార్చడానికి కమిషన్ ఒప్పుకుంది. ఇలాంటి తెలివి పుట్టాలంటే మామూలు బుర్రలు చాలవు, కమిషనే కావాలి. చెప్పు కరుస్తోందని వెళితే కాలు చెక్కి పంపించినట్టు.

ఇక తర్ఫీదు మొదలైంది. మెత్తటి కుర్చీలు, చల్లటి గది, వేళకు కాఫీ. సూటు వేసుకున్న కుర్రకారు వచ్చి, ‘సేవల మెరుగుదల’ అని ఉన్నచోట వినడం అని, ‘విశ్వసనీయ భాగస్వాములు’ అని ఉన్నచోట కొనుక్కునేవాళ్లు అని అర్థం చేసుకోవాలని నూరిపోశారు. మనవాడు మొద్దేం కాదు. నేర్చుకున్నాడు. నేర్చుకున్నకొద్దీ అతనికి ఒళ్లు తేలికైపోయింది. టీ కొట్టు దగ్గర బల్ల మీద కాలు మీద కాలేసుకుని, ఒకరు అడిగినా అడగకపోయినా వివరించడం మొదలుపెట్టాడు. ‘పరిసర ధ్వని సంకేతాలు’ అని అతను నోరారా పలుకుతుంటే టీ కొట్టువాడు పాలు పొంగిన సంగతి కూడా మరిచిపోయేవాడు. ఇంట్లో రాత్రి అన్నం దగ్గరా అదే వరస, ఇంకొకరి మాట చెవిన పడనిచ్చేవాడు కాదు. ఆఫీసులో ‘అర్థమైంది’ ముద్ర ధడధడా పడసాగింది. ‘అర్థం కాలేదు’ ముద్ర ఎండిపోయి, టీ గ్లాసు కింద పెట్టుకోవడానికి పనికొచ్చింది.

ముద్ర వేసేటప్పుడు అప్పుడప్పుడు మనసులో ఏదో గుచ్చుకునేది. అర్థమైంది అన్నానే గానీ బాగుందని అనలేదుగా అని సర్దిచెప్పుకునేవాడు. మెత్తటి కుర్చీలో కూర్చున్న మనిషికి సర్దుకోవడం ఎంతసేపు?

ఒక ఉదయం అతని భార్య ఫోను మోగలేదు. వ్యాను పనులన్నీ ఒక యాప్ పంచిపెట్టేది. ఎవరు ఏ షిఫ్టుకి వెళ్లాలో అదే చెప్పేది. రోజూ పొద్దున్నే టింగుమని మోగే ఫోను ఆ రోజు ఒక ముక్క చూపించి ఊరుకుంది. ‘మీ క్షేమం దృష్ట్యా మీకు విశ్రాంతి సూచిస్తున్నాం.’

“నాకు విశ్రాంతి ఏమిటి, దీని మొహం!” అని ఆవిడ ఫోనును రెండుసార్లు తట్టింది. మర్నాడూ విశ్రాంతే. ఆ మర్నాడూ విశ్రాంతే. బండను కూడా పిండి చేసేంత ఆరోగ్యంగా ఉన్న మనిషి గుమ్మంలో కూర్చుని, తన ఫ్యాక్టరీ ఆడవాళ్లు వేరేవాళ్ల వ్యానులో పోతుంటే చూస్తూ ఉండిపోయింది. వాళ్లు చేతులూపారు. ఈవిడ ఊపలేదు.

ఫిర్యాదు చేసింది. ఫిర్యాదు వినేది కూడా ఒక మరే. ‘మీ బాధ మాకు అర్థమైంది’ అంది మర. ఇంకోసారి చేసింది. మళ్లీ అదే అంది. ముచ్చటగా మూడోసారి చేసేసరికి అసలు జవాబు వచ్చింది. ‘ఇంటి నుంచి వినిపిస్తున్న దగ్గు ఆధారంగా విశ్రాంతి సూచించబడింది. ఈ షరతును సామాన్యుడు చదివి అర్థం చేసుకున్నారు. కాబట్టి మీకూ అర్థమైనట్టే.’ అడుగున గుండ్రటి ముద్ర బొమ్మ.

ఆ సాయంత్రం సామాన్యుడు ఈలవేసుకుంటూ ఇంటికొచ్చాడు. భార్య ఫోను మొహానికెదురుగా పెట్టింది.

“ఏమండీ సామాన్యుడుగారూ, ఈ ముద్ర తమరిదేనా?”

అతను కళ్లు చికిలించి చూశాడు. “నాదే. చక్కగా పడింది కదూ?”

“దీని భావమేమిటో కాస్త సెలవియ్యండి.”

పాపం, అతనికి అప్పటికీ వాసన తగల్లేదు. గొంతు సవరించుకున్నాడు. “అది పరిసర ధ్వని సంకేతాల ఆధారిత క్షేమ అంచనా అని...”

“మనుషుల భాషలో ఏడవండి!”

“అంటే... ఇంట్లో ఎవరైనా దగ్గితే ఫోను వింటుంది. బండి నడిపేవాళ్లకి జబ్బేమోనని పని ఆపేస్తుంది.”

“ఇది మీకు ముందే తెలుసా?”

“చదివానుగా.”

“చదివి?”

“అర్థమైంది.”

“అర్థమై?”

“ముద్ర వేశాను.”

వంటగదిలోంచి అత్తగారి గొంతు వచ్చింది. “గొడవెందుకు అల్లుడుగారూ, నేను దగ్గడం మానేస్తాలెండి.” ఆ మాట పూర్తికాకుండానే దగ్గు తెర ముంచుకొచ్చింది. ముసలావిడ తువ్వాలు నోట్లో కుక్కుకుంది. కళ్లు ఎర్రబడి, భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. చప్పుడు మాత్రం రానివ్వలేదు. కూతురు పరుగెత్తి తువ్వాలు లాగిపారేసింది.

ఫోనును దిండు కింద పెట్టారు, దుప్పట్లో చుట్టారు. అలా చేస్తే ‘మీ ఫోను మాకు వినిపించడం లేదు, పనులు పంపలేం’ అని వచ్చింది. అత్తగారు పక్కింటికి పోయి దగ్గి వస్తానంది. పక్కింటివాడు సామాన్లు చేరవేసే పనివాడు, వాడికీ అలాంటి ఫోనే. ఆవిడ గుమ్మం ఎక్కేలోపే తలుపు వేసుకున్నాడు. ఎదురింటివాళ్లూ అంతే. ఏళ్ల తరబడి ఆవిడ చేతి టీ తాగిన వీధి, ఆవిడ వస్తుంటే కిటికీలు మూసుకుంది.

“నన్ను ఎక్కడైనా దింపి రండమ్మా” అంది ముసలావిడ.

“నువ్వు నోరు మూసుకో” అంది కూతురు. తర్వాత మొగుడి వైపు తిరిగింది. “వారం చూస్తాను. పని రాకపోతే వ్యాను అమ్మేస్తాను. ఆ తర్వాత మీ మొహం నాకు చూపించకండి.”

అతను పరుగున కమిషన్‌కి పోయాడు. ముద్ర వెనక్కి తీసుకుంటానన్నాడు. గుమాస్తా ఫైలు తిరగేసి, ముద్ర వేయడానికే నిబంధన ఉంది, తీయడానికి లేదన్నాడు. ఒక్కటే దారి ఉందట. సామాన్యుడు కమిషన్ ఎదుట నిలబడి, తనకి ఈ షరతు అర్థం కాలేదని నోటితో చెప్పుకోవాలి.

ఇంటికొచ్చి ఈ మాట చెప్పి మంచం అంచున కూలబడ్డాడు.

“అయితే చెప్పండి. అందులో ఏముంది?” అంది భార్య.

“నలుగురిలో నవ్వరూ?”

“ఇప్పుడు నవ్వట్లేదనుకుంటున్నారా? టీ కొట్టు దగ్గర మీరు లేచి వచ్చాక ఏమనుకుంటారో అడగండి పోయి.”

విచారణ రోజున హాలు నిండిపోయింది. చైర్మన్‌గారు, సభ్యురాలు ఎత్తున కూర్చున్నారు. వెనక వరసలో భార్య, అత్తగారు. వెన్న వకీలు చిరునవ్వుతో లేచాడు. ఆయన తిట్టడానికి రాలేదు, పొగడడానికి వచ్చాడు.

“అయ్యా, ఈయన మామూలు మనిషి కాదు. మా కంపెనీల్లో పెద్దపెద్ద వాళ్లకి కూడా తెలియని విషయాలు ఈయనకి తెలుసు. సార్, ‘ధ్వని సంకేతం’ అంటే ఏమిటో సభకి ఒక్కసారి మీ నోటితో చెబుతారా?”

సామాన్యుడి ఛాతీ దానంతటదే ఉబ్బింది. మొహం మీదకి ఆ పాత వెలుగు వచ్చేసింది. “ధ్వని సంకేతం అంటే...” అని మొదలుపెట్టాడు కూడా. “ఇందులో మూడు రకాలు. మొదటిది...”

ఎందుకో వెనక్కి చూశాడు. భార్య తననే చూస్తోంది. కోపంగా చూసినా బాగుండేది. రోడ్డు మీద ఆగిపోయిన బండిని చూసినట్టు చూస్తోంది, ఇది ఇక కదలదు అన్నట్టు.

మొదటిది అంటూ మడిచిన వేలు మళ్లీ విప్పేశాడు.

“చెప్పండి సార్, మొదటిది?” అన్నాడు వెన్న వకీలు.

“నాకు అర్థం కాలేదండీ.”

“ఏది అర్థం కాలేదు?”

“ఆ షరతు.”

“అలా అంటే ఎలా సార్? ఈ కంఠంతోనే కదా మీరు టీ కొట్టు దగ్గర...”

“మాటలు అర్థమయ్యాయి” అన్నాడు సామాన్యుడు. “ఒక్కో మాటకి అర్థం చెప్పమంటే చెబుతాను. కానీ అది మా అత్తగారి దగ్గు అని అర్థం కాలేదు. దానికి మా ఆవిడ పని పోతుందని అర్థం కాలేదు. ఇంకా ఎన్నింటి మీద ముద్ర వేశానో, అవి ఎవరి దగ్గో నాకు తెలియదు. తెలియకుండా తెలిసినవాడిలా కూర్చున్నాను. అంతే.”

హాల్లో ఎవరో ఇకిలించారు. టీ కొట్టువాడే అయ్యుంటాడు. సామాన్యుడి చెవులు కాలిపోయాయి. తల మాత్రం దించుకోలేదు.

వెన్న వకీలు కాసేపు ఆలోచించాడు. తర్వాత చాలా తెలివిగా నవ్వాడు. ఎక్కువ తెలివి ఉన్నవాళ్లు కొంపముంచుకునే ముందు అలాగే నవ్వుతారు.

“అయ్యా, సామాన్యుడు అంటే ఎవరు? షరతులు చదవకుండా బటన్ నొక్కేవాడు. అర్థం కాకపోయినా ఒప్పుకునేవాడు. ఈయన చూడండి, చదువుతాడు, ఆలోచిస్తాడు, పైగా అర్థం కాలేదని నిలబడి చెబుతాడు! ఇవి సామాన్యుడి లక్షణాలేనా? ఈయన అసలు సామాన్యుడే కాదు. ఎప్పుడూ కాదు. కనుక ఈయన మాట చెల్లదు.”

చైర్మన్‌గారికి ప్రాణం లేచొచ్చింది. ఇంత సుళువుగా తెగుతుందని ఆయన అనుకోలేదు. “బాగుంది, బాగుంది, రాసుకోవయ్యా” అన్నాడు గుమాస్తాతో. “ఇతను నియామకం నాటి నుంచీ సామాన్యుడు కాడని కమిషన్ తీర్మానించింది. కాబట్టి ఇతని వాంగ్మూలం చెల్లదు. కాబట్టి ఇతన్ని కొలువు నుంచి తొలగించడమైనది. కాబట్టి ఇతను సామాన్యుడి హోదాలో చేసిన పనులు ఏవైతే ఉన్నాయో...”

అక్కడ ఆగాడు. గుమాస్తా కలం ఎత్తి ఎదురుచూస్తున్నాడు. సభ్యురాలి మొహంలో మొట్టమొదటిసారి ఒకే ఒక వైపు కనిపించింది. సామాన్యుడు కానివాడు వేసిన ముద్ర ముద్ర కాదు. ముద్ర లేని యాప్ ఊళ్లో నడవకూడదు. ఊరంతా నడుస్తున్నవి అవే.

వెన్న వకీలు అప్పుడే నీళ్ల గ్లాసు ఎత్తాడు. ఎత్తినచోటే ఉండిపోయింది.

పెద్దలు లేచి లోపలి గదిలోకి పోయారు. తలుపు వెనక గుసగుసలు, కుర్చీలు జరిగిన చప్పుడు, ఎవరో ఎవరినో తిట్టడం. ఊరి గురించి ఆలోచించారని మీరు అనుకుంటే పొరపాటు. ఈ గొడవ గుమ్మం దాటకుండా ఎలా పాతరేయాలా అని ఆలోచించారు. బయటికొచ్చి, పెద్దమనుషుల తరహాలో ఒక ఒప్పందం చదివారు. వ్యాను పనుల యాప్ తనంతట తానే, మానవతా దృక్పథంతో, దగ్గు వినే పద్ధతిని ఎత్తేస్తోంది. మిగిలిన ముద్రల సంగతి కమిషన్ తీరిగ్గా పరిశీలిస్తుంది. కమిషన్ తీరిక ఎప్పుడొస్తుందో తెలిసిన జ్యోతిష్కుడు ఇంకా పుట్టలేదు. కొత్త సామాన్యుడి కోసం ప్రకటన వేస్తారు. ఈసారి చదవడం రాకపోతే మరీ మంచిదని వెన్న వకీలు సూచించాడు, చైర్మన్‌గారు తలూపాడు.

సామాన్యుడి ఇంటిల్లిపాదీ వరండాలోకి వచ్చేసరికి భార్య చేతిలో ఫోను టింగుమంది. ఆవిడ చూసింది, మరోసారి చూసింది. వ్యాను తాళాలు తీసింది.

“మధ్యాహ్నం షిఫ్టు” అంది. “అమ్మని బస్సులో తీసుకురండి. ఇక్కడ పైమెట్టు విరిగి ఉంది, చెయ్యి పట్టుకోండి.”

“నేను చెప్పింది బాగానే ఉందా?” అన్నాడతను వెనక నుంచి.

“ఆ మొదటి రకం దాకా పోకుండా ఉంటే ఇంకా బాగుండేది” అని ఆవిడ మెట్లు దిగుతూనే అంది. కానీ ‘మీ మొహం చూపించకండి’ అనలేదు. వ్యాను ఒకసారి గుర్రుమని, గేటు దాటి పోయింది.

అతను అత్తగారి చెయ్యి పట్టుకుని విరిగిన మెట్టు దాటించాడు. వెనక ఒక బంట్రోతు స్టూలెక్కి, సామాన్యుడి గది తలుపుకున్న ఇత్తడి పలక మరలు విప్పుతున్నాడు.

“అల్లుడుగారూ, అయితే మీ ఉద్యోగం పోయినట్టేనా?”

“పోయినట్టే అత్తయ్యా.”

“హమ్మయ్య!” అంది ముసలావిడ. “రాత్రి అన్నం తినేటప్పుడు మా మాట కూడా కాస్త వింటారన్నమాట.”